జింక కాలి ఎముకతో కత్తి పిడి ఎలా చేసుకోవాలి

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో జింకల తుపాకీ వేట థాంక్స్‌గివింగ్ పండుగ ముందు శనివారం మొదలై 9 రోజులు నడుస్తుంది. ఆ రోజుల్లో మా వీధిలో పికప్ బండ్ల వెనక తెల్లతోక జింకలు కనిపిస్తూనే ఉంటాయి. వేటకు వెళ్ళినవాళ్ళు మాంసం ఫ్రీజర్లో పెట్టుకుంటారు, కొమ్ములు గోడకు బిగించుకుంటారు, కొందరు తోలు కూడా దాచుకుంటారు. కాళ్ళ కింది ముక్కలు మాత్రం నాలుగూ కోసి చెత్త డబ్బాలో పడేస్తారు. తోలు, నరాలు, ఎముక తప్ప అక్కడ మాంసం ఉండదు మరి. పాయా రుచి తెలిసిన మనకు అది పడేసే సరుకులా అనిపించదు. మా పక్కింటి పెద్దాయనను మొదటిసారి ఆ కాళ్ళు అడిగినప్పుడు ఆయన కూర వండుకోవడానికే అనుకున్నాడు. కత్తి పిడికి అని చెప్తే నవ్వాడు. మర్నాడు 8 కాళ్ళు సంచిలో వేసి గుమ్మం ముందు పెట్టి వెళ్ళాడు.

ఆ ఎనిమిదిలో ఆరు పాడుచేశాను. పని తొందరగా తెమిలిపోతుందని పాత ప్రెషర్ కుక్కర్లో వేసి ఎనిమిది విజిల్స్ రానిచ్చాను. నరాలు ఊడొచ్చాయి, ఎముక తెల్లగా మెరిసింది, నా తెలివికి నేనే మురిసిపోయాను. రెండు నెలలకు పిడి మీద పసుపు మరకలు తేలాయి. వేసవిలో గ్యారేజీ వేడెక్కేసరికి అందులోంచి కొవ్వు చెమటలా ఊరింది. వాసన సంగతి మా ఆవిడను అడగాలి. పైగా ఆ ఎముక సుద్దముక్కలా తయారై, ఆకురాయి పెడితే అంచులు రాలేవి. జిగురు పెట్టడం, నునుపు చేయడం నాలుగు రోజుల్లో ఎవరైనా నేర్చుకుంటారు. ఎముకలోని కొవ్వు తీయడమే ఈ పనిలో సగానికి పైగా ఉంది. అందుకే ఆ భాగం గురించి విసుగొచ్చేంత వివరంగా చెప్తాను.

ముందు చట్టం, తర్వాత రంపం

ఇది అమెరికాలో, చట్టబద్ధంగా వేటాడిన జింక కాళ్ళతో చేసే పని. ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్ళు దుప్పి, కణుజు, కృష్ణజింక వంటి వాటి జోలికి పోవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట ఒక్కటే కాదు, వాటి కొమ్ము గానీ ఎముక గానీ ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరమే. అడవిలో రాలిపడిన కొమ్ము దొరికింది కదా అని తెచ్చుకున్నా అదే వర్తిస్తుంది. ఒకప్పుడు మన కణుజు కొమ్ములు ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్, జర్మనీలోని జోలింగెన్ కత్తుల పిడులకు ఓడల్లో వెళ్ళేవి. 1990ల చివర్లో ఎగుమతి ఆగిపోయింది. పాత కత్తుల వేలంలో ఇప్పటికీ ఆ పిడులకు ఎక్కువ ధర పలుకుతుంది. ఇండియాలో ఉన్నవాళ్ళకు గేదె ఎముక ఉంది, దాని సంగతి చివర్లో చెప్తాను. ఇక్కడ చేసిన జింక పిడి కత్తిని బహుమతిగా ఊరికి పట్టుకెళ్ళాలన్న ఆలోచన కూడా మానుకోండి. అది విస్కాన్సిన్ జింకదా, నల్లమల జింకదా అన్నది ఎయిర్‌పోర్టులో మీరు రుజువు చేయలేరు.

ఇక్కడ ఉన్నవాళ్ళు చూసుకోవలసింది క్రానిక్ వేస్టింగ్ డిసీజ్. జింక జాతుల మెదడును తినేసే జబ్బు. 1967లో కొలరాడోలో మొదట కనిపెట్టారు, విస్కాన్సిన్‌లో 2002లో బయటపడింది. మా చుట్టుపక్కల దక్షిణ కౌంటీల్లోనే ఎక్కువ. మనుషులకు సోకినట్టు ఇంతవరకూ నిర్ధారణ కాలేదు, కానీ జబ్బున్న జింకను తినవద్దనే ఆరోగ్య శాఖలు చెబుతాయి. దీనికి కారణమైన ప్రియాన్ అనే ప్రొటీన్ ఉడకబెడితే చావదు, మామూలు క్లీనర్లకూ లొంగదు. మెదడు, వెన్నుపాము, కళ్ళు, గ్రంథుల్లో అది ఎక్కువగా పేరుకుంటుంది, మనకు కావలసిన కాలి ఎముక వాటికి దూరమే. అయినా నా నియమం ఒకటే: జింకకు పరీక్ష చేయించి, ఫలితంలో జబ్బు కనబడలేదు అని వచ్చాకే కాలికి కత్తి పెడతాను. విస్కాన్సిన్‌లో ఆ పరీక్ష ఉచితం. ఫలితం వచ్చేదాకా కాళ్ళు రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి ఫ్రీజర్లో ఉంటాయి. మాంసం, మూలుగ అంటుకున్న ఎముకలను రాష్ట్రం దాటించడం మీద చాలా చోట్ల ఆంక్షలున్నాయి. టెక్సాస్ బంధువు కాళ్ళు పంపిస్తానంటే ముందు రెండు రాష్ట్రాల నియమాలూ చూడండి. చేసిన కత్తి అమ్మాలనుకున్నా అంతే, వేట జంతువు భాగాల అమ్మకం మీద ఒక్కో రాష్ట్రానిదీ ఒక్కో పద్ధతి.

ఏ ఎముక తీసుకోవాలి

జింక వెనక కాలికి సగంలో వెనక్కి వంగిన కీలు కనిపిస్తుందే, మోకాలు అనుకుంటాం, నిజానికి అది మడమ. జింక ఎప్పుడూ మునివేళ్ళ మీదే నిలబడి ఉంటుందన్నమాట. ఆ మడమ నుంచి గిట్ట పైదాకా తిన్నగా దిగే ఎముకే మనకు కావలసింది. ముందు కాళ్ళలోనూ ఇలాంటిదే ఉంటుంది కానీ పొట్టి. వెనక కాలిది పొడవుగా, నిటారుగా, గోడ దళసరిగా ఉంటుంది, ముందు వైపు పొడుగునా ఒక గాడి దిగుతుంది. ఆ గాడిలో బొటనవేలు పెట్టి చూడండి, పిడి కోసమే చెక్కినట్టుంటుంది. ఈ నేల ఆదివాసులు వేల ఏళ్ళ పాటు ఇదే ఎముకతో తోలు కుట్టే ఆరెలు, తోలు గీకే పనిముట్లు చేసుకున్నారు. తవ్వకాల్లో అవి ఇప్పటికీ దొరుకుతూనే ఉంటాయి.

తొడ ఎముక గుండ్రంగా, బలంగా కనిపించినా మోసపోకండి, గోడ పలచన. పిల్ల జింక కాలు కూడా వద్దు. దాని ఎముక చివరి ముడి ఇంకా అతుక్కోదు, వేడినీళ్ళలో వేయగానే ఊడి చేతికొస్తుంది. రెండేళ్ళు దాటిన పోతు జింక కాలు దొరికితే అదే మేలు. తుపాకీ గుండు తగిలిన కాలు అసలు తీసుకోవద్దు. కంటికి కనిపించని చీలిక ఎక్కడో ఉంటుంది, పిడి పూర్తయిన రోజే బయటపడుతుంది.

గిట్ట, తోలు, వెంట్రుకలు అన్నీ ఉంచేసి కాలినే పిడిగా చేసే పద్ధతి యూరప్ వేటగాళ్ళలో ఉంది. జర్మన్లు చిన్న జింక కాలితో అలాంటివి చేస్తారు. చూడ్డానికి బాగుంటుంది గానీ పురుగు పట్టకుండా, వెంట్రుక రాలకుండా దాన్ని ఆరబెట్టడం వేరే విద్య. నాకు వంటింట్లో వాడే కత్తి కావాలి, అందుకే ఆ దారి పట్టలేదు.

తోలు తీయడం, మూలుగ తీయడం

గ్లవ్స్ వేసుకోండి. మడమ కింద చుట్టూ ఒక గాటు, అక్కడి నుంచి గిట్ట దాకా వెనకవైపు నిలువునా ఒక గాటు పెట్టండి. తోలును మేజోడు విప్పినట్టు కిందికి లాగేయవచ్చు. గిట్ట దగ్గర కీలు ఎక్కడుందో వేలితో ఆడించి చూసి, అక్కడ కత్తి తిప్పితే గిట్టలు విడిపోతాయి. వెనకవైపు తెల్లటి తాళ్ళలా ఉండే నరాలను పడేయకండి. ఆరబెట్టి సుత్తితో దంచితే పోగులు పోగులుగా విడి, గట్టి దారమవుతుంది. ఒర కుట్టడానికి పనికొస్తుంది.

ఇప్పుడు ఎముకను వైస్‌లో, అంటే వస్తువును కదలకుండా పట్టుకునే ఇనుప దవడల పరికరంలో, బిగించండి, దవడల మధ్య పాత తోలు ముక్క పెట్టడం మరవద్దు. యాక్సా బ్లేడుతో రెండు చివర్ల ముడులూ కోసేయండి. ముడిని అలాగే ఉంచితే పిడి చివర అందంగా ఉంటుందని కొందరంటారు. నేనూ ఒకసారి ఉంచాను. ముడి లోపల అంతా స్పంజిలా ఉంటుంది, ప్రతి గదిలోనూ కొవ్వే. ఎన్ని వారాలు నానబెట్టినా కొంత మిగిలే ఉంటుంది. కోసేయండి.

రెండు చివర్లూ తెరుచుకుంటే నల్లి బొక్క తయారు. సన్నటి ఇనుప తీగతో మూలుగను నెట్టేయండి, తర్వాత పాల సీసాలు కడిగే చిన్న బ్రష్షుతో లోపల తోమండి. తీసిన చెత్తంతా సంచిలో కట్టి చెత్తబండికి వేయండి. తోటలోనో చెట్ల వెనకో పారేస్తే రాత్రికి రకూన్లు వస్తాయి. అంతకన్నా ముఖ్యంగా, జింక వ్యర్థాలను బయట పారేయడమే జబ్బు వ్యాపించే దారుల్లో ఒకటి.

వేడి, సబ్బు, ఓపిక

ఈ పనికి విడిగా ఒక గిన్నె పెట్టుకోండి, వంటకు మళ్ళీ వాడొద్దు. పాత్రల సామాను అమ్మే సెకండ్‌హ్యాండ్ దుకాణంలో రెండు మూడు డాలర్లకు దొరుకుతుంది. నీళ్ళలో ఒక చెంచా గిన్నెలు కడిగే సబ్బు వేసి ఎముకలు మునిగేలా పెట్టండి. స్టవ్వు సన్నగా ఉండాలి. నీళ్ళు వేడెక్కి ఆవిరి రావాలి, అడుగున చిన్న బుడగలు రావచ్చు, కానీ తెర్లకూడదు. తెర్లే నీళ్ళు రెండు రకాలుగా నష్టం చేస్తాయి. ఎముకకు పట్టునిచ్చే కొల్లాజెన్‌ను జిగురుగా కరిగించేస్తాయి, దాంతో ఎముక పెళుసవుతుంది. కరిగిన కొవ్వును ఎముక రంధ్రాల్లోకి ఇంకిస్తాయి, అది తర్వాత బయటకు రాదు. నా కుక్కర్ చేసింది సరిగ్గా ఈ రెండూనే.

గంటన్నర, రెండు గంటలు సరిపోతుంది. తీసి, మిగిలిన పొరలను వెన్న కత్తిలాంటి మొద్దు కత్తితో గీకండి. పదును కత్తి వాడితే ఎముక మీద గాట్లు పడతాయి, వాటిని తీయడానికి తర్వాత గంట సేపు రుద్దాలి. బ్లీచ్ వద్దు. తెల్లబడుతుందని చాలామంది పోస్తారు, అది తెల్లబరచడంతో ఆగదు, ఎముకనే తింటుంది.

తర్వాతది కొవ్వు తీయడం. గోరువెచ్చటి నీళ్ళు, కాస్త సబ్బు, మూతున్న ప్లాస్టిక్ డబ్బా. ఎముకలు అందులో మునిగి ఉండాలి. రెండు మూడు రోజులకోసారి నీళ్ళు మార్చండి. మొదటి వారం నీళ్ళు కలి నీళ్ళలా ఉంటాయి, పైన జిడ్డు తేలుతుంది. తర్వాత తర్వాత పలచబడుతుంది. మూడు రోజులు ఉంచినా నీళ్ళు తేటగా, పైన జిడ్డు చుక్క కూడా లేకుండా ఉన్న రోజున ఆపండి. నాకు సాధారణంగా మూడు వారాలు పడుతుంది, కొన్నిటికి ఐదు. డబ్బా కాస్త వెచ్చగా ఉండే చోట, హీటర్ పక్కనో వాటర్ ట్యాంకు గదిలోనో పెడితే పని త్వరగా అవుతుంది. చలికాలపు విస్కాన్సిన్ గ్యారేజీలో పెడితే ఎముకలతో కూడిన మంచుగడ్డ మాత్రమే అవుతుంది.

కొవ్వు పోయిందో లేదో తెలుసుకునే తేలిక పద్ధతి ఒకటుంది. ఎముకను ఆరనిచ్చి, పాత న్యూస్‌పేపరులో చుట్టి రెండు రోజులు వెచ్చని చోట పెట్టండి. కాగితం మీద బజ్జీల పొట్లంలా నూనె మరక పడితే మళ్ళీ సబ్బు నీళ్ళలోకే. అసిటోన్‌లో ముంచితే ఇంకా బాగా పోతుంది, కానీ దాని ఆవిరి చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది, ఇంట్లో పొయ్యి ఉన్న చోట ఆ డబ్బా తెరవడం నాకిష్టం లేదు. సబ్బు, ఓపిక చాలు.

తెల్లబరచడానికి మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఒక రోజు ముంచండి. మూత గట్టిగా బిగించవద్దు, గ్యాసు పుడుతుంది. పూర్తి తెలుపు కావాలని రోజుల తరబడి ఉంచకండి, పాత ఏనుగు దంతం రంగులో ఆగిన ఎముకే అందం. ఇంకా ముదురు రంగు కావాలంటే చిక్కటి టీ డికాక్షన్లో, పాలు లేకుండా, ఒకటి రెండు రోజులు ఉంచితే తేనె రంగు వస్తుంది. ఇలా రంగు వేసేట్టయితే తర్వాత ఎక్కువ రుద్దకూడదు, రంగు పైపైనే ఉంటుంది.

ఇక ఆరబెట్టడం. నీడలో, గాలి ఆడే చోట, నెల రోజులు. ఎండలో వద్దు, అవెన్‌లో అసలే వద్దు, పగుళ్ళిస్తుంది. వంటింటి డిజిటల్ త్రాసు మీద వారానికోసారి తూచి రాసుకోండి. రెండు వారాలు వరుసగా బరువు మారకపోతే ఆరినట్టే.

బ్లేడు సంగతి

జింక ఎముక గోడ మందం కొన్ని మిల్లీమీటర్లే, లోపలంతా డొల్ల. దాన్ని నిలువుగా చీల్చి బ్లేడుకు రెండు పక్కలా బిళ్ళలుగా అతికించే పద్ధతికి ఇది చాలదు, ఇరుకైన వంపు ముక్కలే వస్తాయి. దీనికి తగ్గది మన కొడవలి పద్ధతి: బ్లేడు వెనక సన్నటి తోక ఉంటుంది, అది పిడి లోపలికి దిగుతుంది. అలాంటి తోకతో వచ్చే విడి బ్లేడ్లు చాలా దొరుకుతాయి. స్వీడన్‌లోని మోరా వాళ్ళవి చవక, మంచివి. బ్లేడు మూడు, నాలుగు అంగుళాలు దాటకుండా చూసుకోండి. ఈ ఎముక పిడి సన్నగా ఉంటుంది. కూరగాయలు తరగడానికి, పండ్లు కోయడానికి, కర్ర చెక్కడానికి సరిపోతుంది. కొబ్బరికాయ కొట్టే పెద్ద కత్తికి ఇది పెట్టాలని చూడకండి.

కొత్త బ్లేడుకు చేసే మొదటి పని దానికి మందంగా మాస్కింగ్ టేపు చుట్టడం. నా కుడి అరచేతిలో ఇంకా కనిపించే గీత ఈ వాక్యం ఆలస్యంగా నేర్చుకున్నందుకు.

కోత, పూరకం, బిగింపు

మీ చేతిలో పట్టుకుని చూసి పిడి పొడవు నిర్ణయించండి. నాలుగు వేళ్ళ వెడల్పు, దానికి పైన ఒక వేలు. నాకు 11 సెంటీమీటర్లు సరిపోతుంది. కోసే చోట ముందే టేపు చుట్టి, దాని మీద గీత గీసి, పళ్ళు సన్నగా ఉన్న రంపంతో నెమ్మదిగా కోయండి. ఎముకను తిప్పుతూ చుట్టూ కొంచెం కొంచెం కోస్తే చివర్లో పెచ్చు లేవదు.

ఇక్కడి నుంచి ఊపిరితిత్తుల జాగ్రత్త. ఎముక ధూళి పిండిలా ఉంటుంది, గాలిలో తేలుతుంది. మంచి మాస్కు, ఎన్95 కన్నా తక్కువది కాకుండా, పెట్టుకుని బయట పని చేయండి. వీలున్న ప్రతి చోటా ఎముకను తడిపి రుద్దండి. పళ్ళ డాక్టరు డ్రిల్లు పెట్టినప్పుడు వచ్చే వాసన తెలుసుగా, ఇక్కడా అదే వస్తుంది. ఆ వాసన ఘాటెక్కిందంటే ఎముక కాలుతోందని అర్థం, చేయి ఆపండి.

ఖాళీ గొట్టంలో తోకను నిలబెట్టి చుట్టూ జిగురు నింపేయవచ్చు, చాలామంది అదే చేస్తారు. నాకు నచ్చిన పద్ధతి ఇంకో గంట ఎక్కువ తీసుకుంటుంది. గట్టి కర్రను, ఇక్కడ మేపుల్ గానీ ఓక్ గానీ, డొల్లకు సరిపడా గుండ్రంగా చెక్కి లోపలికి దింపి ఎపాక్సీతో అతికిస్తాను. మన దగ్గర అరల్డైట్ అంటామే, ఆ రెండు ట్యూబుల జిగురే. డొల్ల లోపల ముందుగా గరుకు ఆకురాయి తిప్పి గీతలు పెట్టండి, నునుపు గోడకు జిగురు పట్టదు. ఐదు నిమిషాల్లో గట్టిపడే రకం వద్దు, ఒక రోజు పట్టేది తీసుకోండి. ఇలా చేస్తే పలచటి ఎముక గోడకు లోపలి నుంచి ఆసరా ఉంటుంది, కత్తి చేయి జారి నేల మీద పడ్డా పగలదు. కర్రను సుత్తితో కొట్టి బిగువుగా దింపొద్దు. వానాకాలం గాలికి కర్ర ఉబ్బితే ఎముక చీలుతుంది. వేలితో నెడితే దిగేంత వదులుండాలి, మిగతా సందు జిగురు చూసుకుంటుంది.

మర్నాడు కర్ర మధ్యలో తోకకు దారి చేయండి. తోక వెడల్పుకు తగ్గట్టు పక్కపక్కనే రెండు మూడు బెజ్జాలు డ్రిల్లుతో వేసి, సన్న ఆకురాయితో కలిపేస్తే పలక రంధ్రం అవుతుంది. బ్లేడును మాటిమాటికీ దింపి చూస్తూ ఉండండి. పిడికీ బ్లేడుకూ వంకర పడేది ఇక్కడే. పైనుంచి చూసినప్పుడు బ్లేడు వీపు, ఎముక గాడి ఒకే గీతలో ఉండాలి.

ఎముక ముందు అంచు కాచుకోవడానికి ఒక ఇత్తడి బిళ్ళ కావాలి, 3 మిల్లీమీటర్ల మందం చాలు. రోకలికి పొన్ను ఎందుకు వేస్తారో ఇక్కడా అందుకే, చివర చీలకుండా. బిళ్ళకు మధ్యలో తోక పట్టేంత సందు ఆకురాయితో తీయండి. ఈ సందు వదులైతే ఆ తర్వాత మీరు ఎంత అందంగా నునుపు చేసినా చూసినవాళ్ళ కన్ను నేరుగా అక్కడికే పోతుంది. అందుకని ముందు చిన్నగా తీసి, తోకకు నల్ల మార్కరు పూసి దింపి చూడండి. బిళ్ళ మీద నలుపు అంటిన చోటే రుద్దాలి. ఈ ఒక్క బిళ్ళకు నాకు రెండు సాయంత్రాలు పడతాయి. ఇత్తడికీ ఎముకకూ మధ్య ఒక పలచటి తోలు ముక్క పెడితే చిన్న చిన్న తేడాలు కప్పిపోతాయి, చూడ్డానికీ బాగుంటుంది.

తోక అంచులకు ఆకురాయితో మూడు నాలుగు గాట్లు పెట్టండి. గట్టిపడిన జిగురు ఆ గాట్లలో కూర్చుంటే బ్లేడు ఊడిరాదు. ఇత్తడి మేకు అడ్డంగా దింపే పద్ధతి కూడా ఉంది. ఇంత పలచటి ఎముకకు బెజ్జం వేయడం నాకైతే ధైర్యం చాలదు, మొదట్లో పాడుచేసిన ఆ ఆరింట్లో రెండు అక్కడే పగిలాయి. అన్నీ సరిపోయాక తోకను, రంధ్రాన్ని స్పిరిట్‌తో తుడిచి, ఎపాక్సీ కలిపి, రంధ్రంలో పుల్లతో అడుగు దాకా నింపి, బ్లేడును మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తూ దించండి. గాలి బుడగలు బయటకు రావాలి. పొంగి వచ్చిన జిగురును అప్పుడే స్పిరిట్ గుడ్డతో తుడిచేయండి. బ్లేడు పైకి ఉండేలా నిలువుగా పెట్టి, పిల్లలకు అందని చోట ఒక రోజు వదిలేయండి. వెనక చివర తెరిచి ఉన్న చోట నల్లటి కర్ర బిళ్ళ అతికిస్తే సరి.

నునుపు, మెరుపు

ఉప్పుకాగితం 120 నంబరుతో మొదలుపెట్టి 220, 400, 600, 1000 దాకా వెళ్ళండి. నీళ్ళలో ముంచి రుద్దండి. ఒక్కో నంబరు మారినప్పుడు రుద్దే దిక్కు మార్చితే వెనకటి గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. తొందరపడి ఒక నంబరు దాటేస్తే ఆ గీతలు చివర్లో మెరుపు వచ్చాక వెక్కిరిస్తూ బయటపడతాయి. ముందు వైపు గాడిని మాత్రం వదిలేయండి. అక్కడ నరాలు, రక్తనాళాలు నడిచిన చిన్న చిన్న గుర్తులుంటాయి, వాటిని చెరిపేస్తే ప్లాస్టిక్ పిడికీ దీనికీ తేడా తెలియదు.

పైపూత విషయంలో మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. ఇంట్లో కొబ్బరి నూనె ఉందిగా అని పూస్తారు. వంట నూనెలు ఏవైనా కొన్నాళ్ళకు కనరు వాసన కొడతాయి, ఎముక పసుపెక్కుతుంది. ఇన్ని వారాలు కొవ్వు తీసి మళ్ళీ నూనె పోయడం దేనికి? పలచటి సూపర్ గ్లూ చుక్కలు వేసి చకచకా పూస్తే రంధ్రాలు మూసుకుపోతాయి. మూడు నాలుగు పూతలయ్యాక 1000 నంబరుతో మళ్ళీ తడిపి రుద్దండి. గ్లూ పూసేటప్పుడు పాత టీషర్టు ముక్క వద్దు, నూలు గుడ్డకు అది తగిలితే వేడెక్కి పొగ వస్తుంది. ప్లాస్టిక్ కవరు ముక్క వాడండి. ఆఖరున తేనెమైనం కాస్త రాసి, చేతి వేడి తగిలేలా గుడ్డతో రుద్దితే పిడి చేతికి తగిలే తీరే మారిపోతుంది.

ఇండియాలో చేయాలనుకుంటే

గేదె కాలి ఎముక మాంసం దుకాణంలో అడిగితే దొరుకుతుంది. దాని గోడ జింకదాని కన్నా చాలా దళసరి, కాబట్టి పని ఇంకా తేలిక. పొడవాటి పలకలు కోసి, బ్లేడు తోకకు రెండు పక్కలా పెట్టి ఇత్తడి మేకులతో బిగించవచ్చు. మేకు బెజ్జం మేకు కన్నా వెంట్రుకవాసి పెద్దదిగా ఉండాలి, సుత్తితో గట్టిగా కొట్టకూడదు. కొవ్వు మాత్రం ఎక్కువ, సబ్బు నీళ్ళ వారాలు రెట్టింపు చేసుకోండి. మన ఎండలకు డబ్బా దానంతటదే వెచ్చగా ఉంటుంది, ఆ ఒక్క లాభం ఉంది. అంత ఓపిక లేకపోతే, ఉత్తరప్రదేశ్‌లో సంభల్ పక్కన సరాయ్ తరీన్ అనే చోట గేదె ఎముక, కొమ్ము పనే బతుకుతెరువుగా చేసేవాళ్ళున్నారు. శుభ్రం చేసిన ఎముక పలకలు అక్కడివే ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. బ్లేడు కోసం మీ ఊళ్ళో కొలిమి ఇంకా వెలుగుతూ ఉంటే కమ్మరి దగ్గరికే వెళ్ళండి. పాత లారీ కమాను పట్టీతో ఆయన చేసిచ్చే బ్లేడు, ఇక్కడ నేను కొనే వాటికి తీసిపోదు. సాన కూడా ఆయనే పట్టిస్తాడు.

వాడేటప్పుడు గుర్తుంచుకోవలసినవి ఎక్కువేం లేవు. డిష్‌వాషర్లో పెట్టొద్దు, సింకులో గిన్నెలతో పాటు నానబెట్టొద్దు, స్టవ్వు పక్కన వదలొద్దు. కడిగిన వెంటనే తుడవండి. ఆరు నెలలకోసారి తేనెమైనం రాయండి. కార్బన్ స్టీలు బ్లేడయితే చింతపండు, నిమ్మకాయ కోశాక తుడవడం ఆలస్యం చేస్తే నల్లబడుతుంది, దానికి ఎముకను నిందించకండి.